బాయిలర్ నీళ్లు, గంగ చెంబు

దెయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. మిషిగన్ చలిలో దెయ్యమంటూ ఉంటే ముందు మంచి జాకెట్ వెతుక్కుంటుంది గాని, మనల్ని భయపెట్టే ఓపిక దానికెక్కడిది? ఈ మాట చెప్పి పార్టీల్లో చాలామందిని విసిగించాను. కిందటి చలికాలం నుంచి మానేశాను.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మాది పాత ఇల్లు. చుట్టుపక్కల ఇళ్లలో వేడిగాలి వస్తుంది, మా ఇంట్లో ఆవిరి. బేస్‌మెంట్‌లో గేదె అంత బాయిలర్ నీళ్లు కాచి ఆవిరిని పైకి తోస్తే, గదుల్లో ఏనుగు పక్కటెముకల్లాంటి ఇనుప రేడియేటర్లు వేడెక్కుతాయి. ఆవిరి చల్లబడి, నీరై మళ్లీ బాయిలర్‌కే దిగుతుంది. అంటే నీళ్లు ఎక్కడికీ పోకూడదు.

మావి పోతున్నాయి. బాయిలర్ పక్కన గాజు గొట్టంలో నీటిమట్టం కనిపిస్తుంది. మా ఆవిడ సుజాత దానికొక స్టిక్కర్ బొట్టు అంటించి, "ఇక్కడిదాకా పొయ్యండి, రేపు చూద్దాం" అంది. మర్నాటికి నీళ్లు బొట్టు కిందికి దిగాయి. రోజూ అంతే.

ఆ రోజుల్లో ఇల్లు చల్లబడితే కుదరదు. పైగదిలో మా అత్తగారు ఆఖరి దశలో ఉన్నారు. ఇక చేసేదేమీ లేదని హాస్పిటల్ వాళ్లు ఇంటికి పంపేశారు. ఆవిడ కోరిక ఒక్కటే: మామగారితో కాశీ వెళ్లినప్పుడు తెచ్చుకున్న గంగ చెంబు తెరిచి, ఆ నీళ్లే తన గొంతులో పోయాలి. అరచేతిలో ఇమిడే రాగి చెంబు, మూతికి సీసం సీలు. ఆవిడ గదిలో రేడియేటర్ పైన అరలో, దేవుళ్ల మధ్య ఉండేది.

చిక్కేమిటంటే, అది ఎండిపోయింది. ఏళ్ల తరబడి వేడి మీద ఉండి ఎలాగో ఆరిపోయింది. నేనూ సుజాతా విడివిడిగా చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాం. చప్పుడు లేదు. ఆవిడకు చెప్పలేదు. ఇండియన్ స్టోర్ నుంచి గంగాజలం బాటిల్ తెచ్చి చూపిస్తే, "ప్లాస్టిక్ గంగ నాకెందుకు అల్లుడుగారూ? దాంతో మీ కారు కడుక్కోండి" అన్నారు.

సుజాత ఏడవడం లేదు. నాకూ ఏమీ అనిపించడం లేదు. అందుకే బాయిలర్‌ని పట్టుకున్నాను.

నోవైలో కారు ఇంజన్లు చల్లబరిచే ఉద్యోగం చేసే మా స్నేహితుడు రఘు టార్చి పట్టుకుని వచ్చాడు. ప్రతి రేడియేటర్‌కీ గాలి పోయే రంధ్రం దగ్గర అద్దం పెట్టాం. మసకబారలేదు. గొట్టాల అతుకులన్నీ టిష్యూతో తుడిచాం. తడి లేదు. బాయిలర్ లోపల పగిలితే పొగగొట్టంలోంచి తెల్లటి ఆవిరి మేఘంలా లేస్తుందట. మంచులో నిలబడి ఆకాశం వైపు నోరు తెరుచుకుని చూశాను. నా మీసం గడ్డకట్టి విరిగిపడబోయింది గాని మేఘం రాలేదు. చల్లారిన బాయిలర్‌ను గొంతుదాకా నింపి చూశాం. చుక్క కారలేదు.

"బావా, నీళ్లు మాయమవ్వవు. ఫిజిక్స్ ఒప్పుకోదు" అన్నాడు రఘు.

"అయితే నీ ఫిజిక్స్‌ని ఇక్కడే పడుకుని కాపలా కాయమను" అన్నాను.

ఒక మధ్యాహ్నం అత్తగారి ఊపిరి మారింది. సుజాత చెంబు అందుకుంది. ఖాళీ అని ఇద్దరికీ తెలుసు. తను సీలు తీసినట్టు చేస్తే, బాటిల్ నీళ్లు నేను చెంచాలో పోయాలని కళ్లతోనే అనుకున్నాం. నేనింకా బాటిల్ మూతతో కుస్తీ పడుతుండగానే, సుజాత స్క్రూడ్రైవర్‌తో సీలు పెకిలించి చెంబు వంచింది.

వెండి చెంచాలోకి నీళ్లు పడ్డాయి.

అత్తగారు మింగారు. "వెచ్చగా ఉన్నాయే" అన్నారు. ఇంకో చెంచా మింగారు. ఆ తరువాత ఏమీ అనలేదు.

మర్నాటి నుంచి బాయిలర్ నీళ్లు బొట్టు దగ్గరే నిలిచాయి. మేం బిగించిందీ లేదు, మార్చిందీ లేదు.

పరామర్శకు వచ్చిన రఘు దగ్గర అన్నిటికీ జవాబుంది. గొట్టంలో ఎక్కడో సన్నటి కన్నం పడి, తుప్పుతో అదే పూడుకుందట. చెంబులో మొదటి నుంచీ నీళ్లున్నాయట, మాకే వినపడలేదట.

సుజాత లేచి, కడగకుండా దాచిన చెంచా తెచ్చి వాడి చేతిలో పెట్టింది. అడుగున ఎర్రటి మరక. రాగికి పట్టేది ఆకుపచ్చ చిలుము. ఈ ఎరుపు ఇనుప తుప్పుది. రఘు వాసన చూశాడు. బాయిలర్ నీళ్లు బకెట్లోకి వదిలితే వచ్చే వాసనే. చెంచా మెల్లగా బల్ల మీద పెట్టి, "అక్కా, కాఫీ ఉంటే కొంచెం ఇవ్వు" అన్నాడు.

ఇదంతా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. భయపడదామన్నా భయం రాదు. పొద్దున్నే బేస్‌మెంట్‌కి వెళ్లి బొట్టు చూసి వస్తాను.

"ఏమండీ, తగ్గాయా?" అంటుంది సుజాత మెట్ల మీంచి.

తగ్గలేదని నేనంటే, ఆ పూటంతా మాట్లాడదు.