మూసిన గదిలో ఆకుముక్కు గబ్బిలం

వాకాడులో మా అమ్మావాళ్ళింట్లో నేను బాలింతగా పడుకున్న గదికి ఒకటే కిటికీ. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే దాన్ని మూసేశారు. బాలింతకు గాలి సోకకూడదట. పైన వెంటిలేటర్లో కూడా అమ్మ పాత చీర కుక్కింది. చెవుల్లో దూది, తలకు గుడ్డ, పూటపూటా సాంబ్రాణి పొగ. నెల్లూరు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేదాన్ని, కాసేపు కిటికీ తియ్యమని రోజూ బతిమాలుకునేదాన్ని. అమ్మ విననట్టే ఉండేది. నాకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువ వచ్చేది.

ఒక సాయంత్రం అమ్మ సాంబ్రాణి నిప్పులు తెస్తుంటే, ఆమె వెనకే ఒక గబ్బిలం దూరింది. ఇంకోటి రాకుండా అమ్మ గబుక్కున తలుపేసింది. దాంతో వచ్చినదానికి పోయే దారి లేకుండా పోయింది. పొగలో గదంతా తిరిగి తిరిగి, చివరికి దూలానికి వేలాడింది. ఇంట్లోకి గబ్బిలం వస్తే అరిష్టమని అమ్మ చీపురు అందుకుంది.

పాపను పక్కలో పడుకోబెట్టి నేను అడ్డం వెళ్ళాను. దాని ముక్కు మీద మడతలు పడ్డ ఆకులాంటి తోలుంది. ఆకుముక్కు గబ్బిలాల కుటుంబం. ఆ ముక్కుతోనే కూత పెట్టి, తిరిగొచ్చే చప్పుడును బట్టి దారి వెతుక్కుంటాయి. పొట్టను కరుచుకుని పిల్ల కూడా ఉంది. ఇది పిట్ట కాదని, మనలాగే కని పాలిచ్చేదని, ఎలుక కన్నా ఆవుకే దగ్గరి చుట్టమని అమ్మకు చెప్పాను. పిల్ల రొమ్ము దగ్గర పాలు తాగుతుంది. తల్లి ఎగిరేటప్పుడు జారిపోకుండా, పొట్ట కింద ఉన్న పాలు రాని చన్నులను పట్టుకుంటుంది. అమ్మ విన్నంత శ్రద్ధగా నా క్లాసులో ఎవరూ వినలేదు.

అమ్మ చీపురు దించింది.

"ఇదీ బాలింతేనా? ఈ పొగలో ఎట్టా ఉంటాది పాపం. ఊపిరాడొద్దా దానికి?"

నిప్పులు బయట పెట్టింది. లైటార్పి, కిటికీ రెక్కలు రెండూ బార్లా తీసింది. సముద్రం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి నా మొహానికి తగిలింది. చెవుల్లో దూది లాగేసి కళ్ళు మూసుకున్నాను. ప్రాణం లేచొచ్చినట్టయింది. కళ్ళు తెరిచేసరికి గబ్బిలం పిల్లతో సహా వెళ్ళిపోయింది.

అమ్మ వెంటనే కిటికీ మూసింది.

"మరి నాకో అమ్మా?" అన్నాను.

"నీకు గాలి సోకితే ఎట్టామే," అని గొళ్ళెం పెట్టి, కింద పడ్డ దూది వెతకసాగింది.