జారిన పిల్లను లేపినందుకు

మా అమ్మాయి పదో తరగతి. బడి జట్టులో సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. ఆ రోజు జ్యోతినగర్ గ్రౌండులో గెలిచిన జట్టే రాష్ట్ర పోటీలకు వెళ్తుంది. బడిలో ఆమెకు అదే ఆఖరి ఏడు. నేను షిఫ్టు మార్చుకుని మరీ వెళ్లాను. వెళ్లకపోయినా బాగుండేది.

ఆట సగం అర్థమై సగం కాక, పక్కవాళ్లు అరిచినప్పుడల్లా నేనూ అరుస్తూ గీత పక్కనే నిలబడ్డాను. చివర్లో స్కోరు సమానంగా ఉంది. మా అమ్మాయి మూడో బేస్ నుంచి హోమ్ బేస్‌కు దౌడు తీసింది. నేలమీది ఆ పలకను ముడితే పరుగొచ్చినట్టే. దగ్గరికొచ్చాక కాళ్లు ముందుకు చాచి దబ్బున నేలమీద పడి జారింది. దుమ్ము లేచింది. అలా జారడం ఆటలో భాగమేనని, దాన్ని పనిగట్టుకుని నేర్చుకుంటారని నాకేం తెలుసు! ఇంట్లో ఆమె మోకాళ్ల మీద దెబ్బలు చూసి, ఎక్కడో పడిందిలే అనుకునేవాణ్ని.

బొగ్గుబాయిలో మనిషి కిందపడితే ఏమైందని ఎవరం అడగం. ముందు చంకల్లో చేతులు వేసి ఇవతలికి లాగుతాం, మాటలన్నీ ఆ తర్వాతే. ఒంటికి పట్టిన ఆ అలవాటుతోనే గీత దాటి ఉరికి, ఆమె చంకల్లో చేతులు వేశాను.

"బాపూ, ఇడిశిపెట్టు! బేస్ ముట్టనియ్యి!" అని గింజుకుంది. వింటేగా నేను! ఆమె కాలు బేస్‌కు జానెడు దూరంలో ఆగింది. బంతి అవతలి జట్టు క్యాచర్ చేయిజారి ఎక్కడో పడింది. కాలు చాపితే చాలు, గెలిచేవాళ్లు. నేనేమో ఘనకార్యం చేసినట్టు ఆమెను ఎత్తి నిలబెట్టాను.

అంపైర్ అవుట్ ఇచ్చాడు. పరుగెత్తే పిల్లను బయటివాళ్లు పట్టుకుని సాయం చేస్తే అవుటేనట.

"నువ్వు ముట్టకుంటే పరుగొచ్చేది కాకా," అన్నాడు మెల్లగా. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత అవతలి జట్టు గెలిచింది. పిల్లలు నా వైపు చూడకుండా సంచులు సర్దుకున్నారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

క్వార్టర్‌కు చేరేసరికి నా భార్య గుమ్మంలోనే ఉంది.

"ఏమైందే, గెలిచిండ్రా?"

"లేదమ్మా. నేను సరిగ్గ జారలే. అవుటైన," అంది అమ్మాయి.

"రోజు మోకాళ్లు పగులగొట్టుకునుడేనా? గా మాత్రం చెయ్యరాకపాయె!" అని ఆమె అందుకుంది. అమ్మాయి తల వంచుకుని తిట్లన్నీ పడింది. నా పేరు ఎత్తలేదు.

నేను పక్కనే ఉన్నాను. తప్పు దానిది కాదు, నాదే అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.