గాలి లేని హాలు

గాజువాకలో మనవరాలు బ్యాడ్మింటన్ ఆడే హాలుకి తలుపులన్నీ మూసేస్తారు. ఆ ఉక్కపోతలో కూర్చుంటే అక్కే గుర్తొస్తుంది.

పోర్టు క్వార్టర్స్ మైదానంలో సముద్రపు గాలి షటిల్‌ని ఈడ్చుకుపోయేది. అక్క గాలిని తిడుతూనే, అదే లోపలికి తోస్తుందని గీతకి మూరెడు అవతలకి గురిచూసి కొట్టేది. దేశం తరఫున ఆడడానికి అక్క మలేషియా వెళ్ళినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. అక్కడ గాలి వీచకూడదని చర్చిలో మోకాళ్ళు నొప్పెట్టేదాకా ప్రార్థించాను.

మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయి వచ్చింది.

“ఆ హాల్లో గాలే నేదు సెల్లీ. మన గాలికి అలవాటైన సెయ్యి కదా, కొట్టిందల్లా బయటే పడిపోనాది,” అంది.

నేను చేసిన పని చెప్పలేకపోయాను. అక్కని మళ్ళీ దేశం తరఫున ఆడడానికి ఎవరూ పిలవలేదు.

హాల్లో గాలి ఎలాగూ ఉండదని పెద్దయ్యాక తెలిసింది. అయినా అక్క కోసం చేసిన ప్రార్థనల్లో ఫలించింది అదొక్కటే.