మిరుగు ముందర అచ్చంపేటకు మోసిన జొన్నల మూట

మా చెల్లెలు నర్సమ్మ ఫోన్ చేసి, "చేను అమ్ముతున్న అక్కా. మిరుగు నాడు ఒకాయన బయానా ఇయ్యనీకి వస్తుండు. గదొక్కటి అయిపోతే నాకు ఇంగ పనేం లేదు" అని చెప్పి పెట్టేసింది. చేను పోతుందన్న బాధ కంటే ఆ చివరి మాట నన్ను ఎక్కువ భయపెట్టింది. పనేం లేదంటే ఏమిటి? మళ్లీ చేస్తే ఎత్తలేదు. నేనుండే గద్వాల నుంచి చెల్లెలి ఊరి దిక్కున్న అచ్చంపేట దాకా ఒంటరిగా ఎప్పుడూ పోలేదు. అయినా పోవాలనుకున్నాను. నాలాగ వయసు మీద పడ్డవాళ్లు ఎవరైనా ఆ దారిన పోవాలనుకుంటే పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

నర్సమ్మకు ఒక్కడే కొడుకు, మల్లేశు. పోయిన ఏడు ఉత్తర కార్తెలో, జొన్న కంకి గింజ పోసుకుంటున్నప్పుడు, చేనులో ఉండగా వాన అందుకుంది. తడవకుండా గట్టు మీది తుమ్మచెట్టు కిందికి పోయాడు. పిడుగు ఆ చెట్టు మీదనే పడింది. అప్పటినుంచి నర్సమ్మ ఆ చేనులో కాలు పెట్టలేదు. పంట కోయించలేదు. దారికి ముళ్లకంప అడ్డం వేసి వచ్చింది. ఊరివాళ్లు కూడా ఆమె ముఖం చూసి పశువులను అటు తోలలేదు. కంకులు పిట్టలు తిన్నన్ని తిన్నాయి, మిగిలినవి నేల రాలాయి.

మా మెట్ట రైతుల ఇళ్లలో నెలల కంటే కార్తెలతోనే కాలం గడుస్తుంది. రోహిణిలో నేల కాలుతుంది. మృగశిర రాగానే తడుస్తుంది, దాన్నే మేం మిరుగు అంటాం. మనిషికి కూడా ఇట్లాంటి కార్తెలు ఉంటాయని నాకు ఎప్పటినుంచో అనిపిస్తుంది. నర్సమ్మకు రోహిణి వచ్చింది, కానీ పోవడం లేదు. వానలు చూసింది, చలి చూసింది, ఆమె లోపల మాత్రం ఎండ దిగలేదు. చేతిలో విత్తనం పడితే ఆమెకూ మిరుగు వస్తుందేమో అనుకున్నాను. మా అమ్మ ఇచ్చిన పచ్చజొన్న విత్తనం ఇప్పుడు నా దగ్గర ఒక్కదాని దగ్గరే ఉంది. బూడిద, వేపాకు కలిపి కుండలో దాచుకున్నాను. తీసి చూస్తే పురుగు లేదు. లేకపోయినా రేపు పడితే ఎట్లా అని భయం పట్టుకుంది. రోహిణి ఎండలో ఉన్నదంతా ఇంటి రేకుల మీద పోసి ఎండబెట్టాను. ఎత్తాను, మళ్లీ పోశాను. పంటి కింద వేస్తే టప్పున విరిగింది. ఇంక పురుగు పట్టదులే అని గుడ్డ సంచిలో మూట కట్టాను.

మిరుగుకు ఇంకా రెండు రోజులు ఉందనగా బయలుదేరాను. గద్వాల బస్టాండులో పొద్దున ఆరు గంటలకే వనపర్తి బస్సు దొరుకుతుంది. మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగుకూ ఎక్స్‌ప్రెస్‌కూ టికెట్ డబ్బులు లేవు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఆ కార్డు ఉందో లేదో అని ఇంటి దగ్గర ఒకసారి, బస్టాండులో ఒకసారి, సీట్లో కూర్చున్నాక ఇంకోసారి చూసుకున్నాను. తాళం వేశానా, గ్యాసు కట్టేశానా అని ఎర్రవల్లి చౌరస్తా దాకా అదే ఆలోచన. మూటను కాళ్ల దగ్గర పెడితే ఎవరైనా తొక్కుతారేమోనని ఒళ్లో పెట్టుకున్నాను. కండక్టరమ్మ చూసి నవ్వింది.

"ఏందవ్వా, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నవ్? బంగారమా?"

"ఇత్తనాలు బిడ్డా. మా చెల్లెకు."

"గద్వాల నుంచి మోసుకపోతున్నవా? దుకాణంల దొరకవా గాడ?"

"దొరుకుతయి. గవి మా అమ్మవి గావు గదా."

ఆమె జీరో టికెట్ చింపి చేతిలో పెట్టి పోయింది. పెబ్బేరు దగ్గర బస్సు చాలాసేపు ఆగిపోయింది. సంత రోజు. రోడ్డు పొడుగునా ఎద్దులు, డీసీఎం బండ్లు. గడ్డి లేని కాలం కదా, పశువుల డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. దున్నే ముందర కొనేవాళ్లు కొంతమంది, మేపలేక అమ్ముకునేవాళ్లు ఎక్కువమంది. ఒక ముసలాయన ఎద్దును అప్పగించి, చేతిలో మిగిలిన తలుగు తాడును చుట్టి భుజాన వేసుకుని నిలబడ్డాడు. పోవాల్సిన దిక్కు మరిచిపోయినట్టు ఉన్నాడు. చేను బయానా తీసుకున్నాక నర్సమ్మ కూడా ఇట్లాగే నిలబడుతుందేమో అనిపించి కిటికీ నుంచి తల తిప్పుకున్నాను. శ్రీరంగాపూర్ రంగనాయక స్వామికి కూర్చున్న చోటి నుంచే దండం పెట్టుకున్నాను. తీరిక ఉన్నవాళ్లు పెబ్బేరులో దిగి దర్శనం చేసుకుని రావచ్చు. నాకు ఆ ధైర్యం లేదు, తర్వాతి బస్సు దొరకకపోతే ఏం గతి?

వనపర్తి చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. బస్టాండు బయట ఇడ్లీ బండి మీద ముప్పై రూపాయలకు ప్లేటు. సగం తిని సగం వదిలేశాను. నాగర్‌కర్నూల్ బస్సుకు ముప్పావు గంట కూర్చోవాల్సి వచ్చింది. వచ్చింది కూడా నిండుగా వచ్చింది. ఒక పిల్ల లేచి సీటు ఇచ్చింది, దాని కడుపు చల్లగుండ. దారి పొడుగునా దున్నిన చేలు ఎర్రగా, పెళ్లలు పెళ్లలుగా ఎండుతున్నాయి. నేల అట్లా నోరు తెరుచుకుని ఎండితేనే లోపలి పురుగు చస్తుందని మా నాయన అనేవాడు. మనిషి ఎండితే ఏం చస్తుందో, ఏం మిగులుతుందో ఎవరికి తెలుసు? నాగర్‌కర్నూల్‌లో మళ్లీ బస్సు మారి, మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో అచ్చంపేటలో దిగాను.

అక్కడినుంచి నర్సమ్మ ఊరికి షేర్ ఆటోలో నలభై రూపాయలు. నిండేదాకా కదలవు. ఖాజా అనే డ్రైవరు నన్ను ముందు కూర్చోబెట్టుకున్నాడు. ఊరు దాటగానే నల్లమల కనిపించింది. ఒక్క టేకు చెట్టుకూ ఆకు లేదు. గుట్టలన్నీ బూడిద రంగులో, కొన్నిచోట్ల నిప్పు పడి నల్లగా ఉన్నాయి.

"అంత సచ్చిపోయినట్టున్నది గదా అడవి" అన్నాను.

"సావలే పెద్దమ్మా. ఎండకాలం గిట్లనే ఉంటది. వారం కింద ఈ దిక్కు జర వాన పడ్డది, ఇంకొక్కటి పడనీ, గుర్తుపట్టవు. ఎవరింటికి?"

నర్సమ్మ పేరు చెప్పాను. అతని ముఖం మారింది. ఆటో మెల్లగా నడిపాడు. "మల్లేశు నా దోస్తు" అన్నాడు. దిగేటప్పుడు డబ్బులు ఇయ్యబోతే తీసుకోలేదు. "అమ్మకు చెప్పు, చేను తొందరపడి అమ్మొద్దని. నేను చెప్తే తిట్టింది" అన్నాడు.

నర్సమ్మ గడప మీదనే కూర్చుని ఉంది. బతికే ఉంది. ఆ మాట లోపల ఎన్నిసార్లు అనుకున్నానో. మనిషి మాత్రం సగమైపోయింది. "ఎందుకొచ్చినవ్ ఎండల పడి?" అంది గానీ లేవలేదు. మూట విప్పి జొన్నలు చూపించాను. ఇత్తు అని నేను అనలేదు, ఇత్తుతా అని ఆమె అనలేదు. కానీ చెయ్యి దాని అలవాటు మరిచిపోలేదు. మా ఇళ్లలో తోడబుట్టినది తెచ్చినా సరే, మొలక చూడకుండా విత్తనం నమ్మరు. పిడికెడు తీసుకుంది. పాత చీరె పేలిక తడిపి అందులో పరిచి చుట్టింది. నీళ్ల కుండ వెనక చల్లటి చోట పెట్టింది. నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు. ఇంక విత్తుతుంది, అమ్మదు అనుకున్నాను. మొలక రావడానికి రెండు రోజులు. సరిగ్గా మిరుగు పొద్దుకు తెలుస్తుంది.

మరునాడు సాయంత్రం ఉరిమింది. నర్సమ్మ లోపలి గదిలోకి పోయి, గోడకు ముఖం పెట్టి, రెండు చెవులు మూసుకుంది. పక్కన కూర్చుని భుజం పట్టుకున్నాను. ఊరంతా వాన కోసం ముఖం పైకెత్తి చూస్తుంటే ఈమె ఒక్కతే వద్దు, వద్దు అంటోంది. వానలో మంచి ఉందని ఏ నోటితో చెప్పను? ఆమె భుజం మాత్రం వదలలేదు. వాన గట్టిగానే కొట్టి వెళ్లిపోయింది.

మిరుగు పొద్దున నర్సమ్మ పేలిక విప్పింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. గింజలు ఉబ్బి, పాచిపట్టి, జిగటగా ఉన్నాయి. వెతికితే ఎక్కడో ఒకటి, ఇంకెక్కడో ఒకటి తెల్లగా మొన చూపించాయి. మిగతావన్నీ చచ్చినవే. పురుగు పడుతుందన్న భయంతో రేకుల మీద పోసి పోసి నేనే చంపాను. మా అమ్మ విత్తనం ఇంక లేదు.

నర్సమ్మ గింజలు చూసింది, నన్ను చూసింది. "ఏందక్కా ఇవి? ఇత్తనాలు తెచ్చినవా, పేలాలు తెచ్చినవా?"

"రేకుల మీద ఎండబెట్టిన్నే. పురుగు పడతదేమోనని..."

"పురుగు తిన్నా సగం మిగిలిస్తుండె. నువ్వు అది గూడ మిగిలియ్యలే." అని నవ్వింది. చాలా కాలానికి విన్నాను ఆ నవ్వు. అందులోనే ఏడుపు అందుకుంది. చెంగు నోట్లో కుక్కుకుని ఎంతసేపు ఏడ్చిందో. తర్వాత ముఖం కడుక్కుని, మొలిచిన నాలుగు గింజలను ఆకులో పెట్టుకుంది. "మొలిచినంక ఇంట్ల ఉంచొద్దు. మన్నుల పెట్టాలె" అంది. ఎక్కడ పెడదామని నేను అడగలేదు. అడిగితే ఆగిపోతుందని భయం.

ఊరి వెనక దారిలో నడిచింది. ముళ్లకంప తానే లాగేసింది. లోపల పోయిన ఏటి జొన్న దంట్లు ఇంకా నిలబడి ఉన్నాయి, ఎండి, విరిగి, నల్లబడి. గట్టు మీద తుమ్మచెట్టు ఒక పక్కంతా కాలిపోయి ఉంది. నర్సమ్మ అటు చూడకుండా కిందికి చూస్తూ పోయింది. పోయి, చేను నడుమ ఆగిపోయింది.

దంట్ల మొదళ్లలో పచ్చగా మొలకలు. ఒకటి కాదు, రెండు కాదు. గుంపులు గుంపులుగా, వేలెడంత పొడవు. రాలిన గింజలు వాన తడికి తమంతట తామే మొలిచాయి. ఎవరూ ఎండబెట్టలేదు, బూడిద కలపలేదు, మూట కట్టలేదు. చలిలో, ఎండలో నేల మీదనే పడి ఉన్నాయి.

నర్సమ్మ కూలబడింది. మొలకల మీద చెయ్యి పెట్టింది. "మల్లేశు ఇత్తినవే ఇవి" అంది.

"ఇట్ల ఒత్తుగ మొలిస్తే కంకి రాదేమో నర్సీ, దున్నాలె గదా" అన్నాను. నా నోరు ఊరుకోదు.

"దున్నను. ఈ యేడు కంకి రాకుంటే రాకపాయె." ఆకులోని నాలుగు మొలకలను కూడా అక్కడే వేలితో గుంట చేసి పెట్టింది. బయానా ఇచ్చే ఆయన పదకొండు గంటలకు ఫోన్ చేశాడు. "వాపస్ పో నాయనా. చేనుల పంట ఉన్నది" అంది. ఆయన ఏమన్నాడో వినపడలేదు. "ఉన్నది" అని మళ్లీ అని పెట్టేసింది.

ఆమె బాగైపోయిందని నేను చెప్పను. ఆ సాయంత్రం మబ్బు పట్టగానే మళ్లీ లోపలికే పోయింది, మళ్లీ చెవులు మూసుకుంది. మిరుగు నాడు తినాలని చేపల కూర వండితే ఒక్క ముద్ద తిన్నది. తుమ్మచెట్టు వైపు ఇంకా చూడలేదు. ఎప్పుడు చూస్తుందో, అసలు చూస్తుందో లేదో తెలియదు. తిరుగు బస్సులో ఖాళీ సంచి మడిచి ఒళ్లో పెట్టుకుని నేను ఒక్కటే ఆలోచించాను. ఒకరి కార్తెను ఇంకొకరు ముందుకు లాగలేరు. నేను మిరుగును మూట కట్టి మోసుకుపోదామనుకున్నాను. నా భయం కూడా ఒక రోహిణి ఎండే, దాని కింద ఎంత మంచి గింజ అయినా మాడిపోతుంది. పక్కన కూర్చోవడం ఒక్కటే నా చేతనైన పని. ఈ మాట ఇంత వయసుకు తెలిసింది. తెలిసినా, తాళం వేశానా లేదా అని గద్వాల వచ్చేదాకా పరేషానే. నర్సమ్మకు మాత్రం రోజూ పొద్దున ఫోన్ చేస్తున్నాను. "చేనుకు పోయినవా?" అని అడగను. "లేచినవా?" అంటాను. "లేచిన" అంటుంది.

ఈ కాలంలో ఈ దారిన పోయేవాళ్లకు చెప్పేది ఒకటే. పొద్దున మొదటి బస్సే పట్టుకోండి, మబ్బులు కమ్మే వేళకు ఏదో ఒక ఇంటి కప్పు కిందికి చేరుకోండి. దారిలో ఉరిమితే తడిసినా పర్వాలేదు, చేను గట్టు మీది ఒంటరి చెట్టు కిందికి మాత్రం పోకండి.