రిపోర్టులో నేను రాసిన ఒక్క వాక్యం

2023 వానాకాలం. కరీంనగర్‌లో మా మేడమీది గదిలో కోచింగ్ మొదలుపెట్టి ఏడాదైంది. కోచింగ్ అంటే అందరూ ట్యూషన్ అనుకుంటారు. నేను పాఠం చెప్పను. ఉద్యోగంలో ఎక్కడో ఆగిపోయిన మనిషి ఎదుట కూర్చుని ప్రశ్నలడుగుతాను. అడ్డంకి ఏమిటో వాళ్ల నోటితోనే బయటపడాలి. ఎక్కువసేపు వినడమే కాబట్టి నాలాంటి బిడియస్తురాలికి సరిపోయే పని.

సొంత డబ్బు కట్టే క్లయింట్లను సెల్ఫ్ పే అంటాం, కంపెనీ కట్టి పంపేవాళ్లను స్పాన్సర్డ్ అంటాం. సెల్ఫ్ పే వాళ్లు ముందే వచ్చి మెట్ల మీద కూర్చుంటారు. స్పాన్సర్డ్ వాళ్లలో సగంమంది ఫ్యాను కింద కునుకు తీస్తారు. అయినా ఒక బట్టల షోరూం ఐదుగురిని పంపుతామంటే ఎగిరి గంతేశాను. ఒక్కొక్కరినీ ఫీజు అడిగే మొహమాటం తప్పుతుందని.

ఆ ఐదుగురిలో షాహినా ఒకరు. తొమ్మిదేళ్లుగా చీరల సెక్షన్‌లో సేల్స్. హుజూరాబాద్‌లో తెరవబోయే బ్రాంచికి ఇన్‌చార్జిగా పంపే లిస్టులో ఆమె పేరుంది. మొదటి రోజు అందరికీ చెప్పినట్టే ఆమెకూ చెప్పాను. "ఈడ మాట్లాడింది ఈడనే ఉంటది ఆపా."

మూడు సెషన్లు "అంత మంచిగనే ఉంది మేడం" తోనే గడిచిపోయాయి. నాకు విసుగొచ్చింది. నాలుగోసారి ఆమె నోరు తెరిచింది.

"గిరాకీ సంగతి నాకు తెల్వనిది లేదు. కానీ మొగపిల్లలను పనికి గద్దించాల్నంటే కాళ్లు వణుకుతయి. ఒక్కోసారి గీ ప్రమోషనే వద్దనిపిస్తది."

మర్నాడే షోరూం హెచ్చార్ మేనేజర్ ఫోన్, ఆ వారంలో మూడోది. "షాహినా రిపోర్ట్ ఏది మేడం? వీక్‌నెస్ గడి ఖాళీ పెట్టకుర్రి జర."

కాదనడం నాకు చేతకాదు. "సిబ్బందిని అదుపు చేయడానికి భయపడుతున్నారు" అని రాసి పంపేశాను. ఫారం నింపడం కూడా పనిలో భాగమే అనుకున్నాను.

వారం తిరక్కుండా, ఆ వాక్యం చూపించి లిస్టులోంచి ఆమె పేరు తీసేశారు.

షాహినా సెలవు పెట్టుకుని వచ్చింది. కూర్చోలేదు. "ఈడ మాట్లాడింది ఈడనే ఉంటదన్నరు కద మేడం. మరి దానికి కాళ్లొచ్చి నడుచుకుంట పోయిందా?"

తప్పయిందన్నాను.

"అయ్యేది అయింది. ఇగ నా ఫీజు నేనే కడ్త. సేటుతోని మాట్లాడే ధైర్యమొచ్చేటట్టు చెయ్యుర్రి."

ఇకపై హాజరు తప్ప ఏమీ పంపనని హెచ్చార్‌కు చెప్పాను. ఆయన నవ్వారు. "పైసలు మేమిస్తే మాట మాకు చెప్పరా? గిదేం దుకాణం మేడం? వచ్చే నెల పన్నెండు మందిని పంపుదామనుకున్నం. ఇగ మీ ఇష్టం."

మళ్లీ అదే మాట చెప్పాను. ఆ పన్నెండు మందీ రాలేదు. మిగతా నలుగురినీ మాన్పించారు.

సొంతంగా ఫీజు కట్టిన షాహినా వేరే మనిషి. "ఇంక ఏడు నిమిషాలున్నయి మేడం, చాయ్ తర్వాత తాగుర్రి" అని కప్పు పక్కన పెట్టించేది. నన్ను ఆలస్యంగా వచ్చిన సేల్స్‌బాయ్‌గా నిలబెట్టి గద్దించడం సాధన చేసింది. రెండోరోజుకే నాకు నిజంగా భయమేసింది.

తర్వాత ఒకరోజు యజమాని గదిలోకి వెళ్లింది. ఏమన్నదో నాకు వచ్చి చెప్పింది. "సేటూ, గా కాగితంల రాసింది నిజమే. నేనే చెప్పిన. భయమైతది. మూడు నెలలు పెట్టి చూడుర్రి, నాతోని కాకుంటె మల్ల చీరల కాడికే వస్త అన్న." మూడు నెలల షరతు మీదే ఆయన ఆమెను హుజూరాబాద్ పంపారు.

స్పాన్సర్డ్ పని నేను మానలేదు. కానీ డబ్బు ఎవరు కట్టినా నా క్లయింట్ ఎదుట కూర్చున్న మనిషే. అది తెలియడానికి ఇంకొకరి ప్రమోషన్‌తో ఆటాడాను. ఇప్పుడు ముందే షరతు పెడతాను. రిపోర్ట్ కావాలంటే క్లయింట్ ఎదుటే రాస్తాను, వాళ్లు చదివి సరేనన్న మాటే పంపుతాను. అది విని ఇప్పటికి ఇద్దరు హెచ్చార్లు మధ్యలోనే ఫోన్ పెట్టేశారు. మొదటిసారి ఏడ్చాను. రెండోసారి, చల్లారకముందే చాయ్ తాగాను.