ఇయానెటా వదిన, మా అమ్మ విసనకర్ర

మా ఇయానెటా వదిన గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటే నాకు నోరు రాదు. అయినా చెప్పక తప్పదు కాబట్టి చెబుతున్నాను. మధ్యలో నా కడుపుమంట బయటపడితే పడనివ్వండి, దాచుకునే మనిషిని కాను నేను.

ఆవిడ నా మొగుడు ఎసేకియాకి సొంత అక్క. యాభై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు, పుట్టింట్లోనే ఉండిపోయింది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గానీ మా సవాయి దీవిలో అర్ధం కూడా కాదు, మొగుడి మీద మొగుడు. కోడలిగా వచ్చిన నేను వండాలి, వడ్డించాలి, ఆవిడ తిని చెయ్యి కడుక్కున్నాక తినాలి. ఇంట్లో పరుచుకునే చాప ఆవిడది, పెట్టెలో దాచే చాప ఆవిడది. పన్నెండేళ్ళ కిందట నేను ఈ గడపలోకి వచ్చినప్పుడు నాదంటూ తెచ్చుకున్నది ఒక్కటే, మా అమ్మ అల్లిన మొగలాకు విసనకర్ర. అమ్మ పోయింది, విసనకర్ర మిగిలింది. చర్చికి, సాయంకాలం ప్రార్థనకి తప్ప దాన్ని బయటికి తీయను.

వదిన చదువు నాలుగో తరగతితో సరి. బళ్ళో ఆవిడని కొట్టని మాస్టారు లేడట. ఇంట్లోనూ అంతే. నిప్పుల మీద సీమపనసకాయ పెట్టి మరిచిపోతుంది, అది బొగ్గయ్యాక ఇంకెవరో వచ్చి తీయాలి. కోళ్ళకి కొబ్బరికోరు వేసి రమ్మంటే గిన్నె సముద్రం ఒడ్డున వదిలేసి గవ్వలు ఏరుకొస్తుంది. కొత్తకోడలిగా అవన్నీ చూసి లోలోపల ఎంత సంబరపడ్డానో! కానీ అదే మనిషి చాప ముందు కూర్చుందంటే పొద్దుగూకేదాకా లేవదు. మొగలాకుని దారమంత సన్నగా చీల్చి రెండున్నరేళ్ళు అల్లిన చాపని పక్క ఊరి పెద్దమనిషి చావుకి మా ఇంటి కానుకగా తీసుకెళ్ళి విప్పితే, అక్కడి ముసలమ్మలు లేచి నిలబడి కేకలు వేశారు. ఆ రోజు చాప చివర పట్టుకుని నడిచినదాన్ని నేనే. చేతులు నొప్పి పుట్టాయి, కళ్ళు మండాయి.

"చాప దగ్గర ఉన్న బుద్ధి పొయ్యి దగ్గర ఏమైపోతుంది? ఒళ్ళు బద్ధకం, ఇంకేమిటి!" అని కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పాను.

పైవాడు ఊరుకుంటాడా! నా కడుపున మసీనాని పుట్టించాడు.

మసీనాకి తొమ్మిదేళ్ళు. నీళ్ళు తెమ్మంటే బిందె తీసుకుని వెళ్ళి బిందె లేకుండా వస్తుంది. బళ్ళో లెక్క సగం చేసి మిగతా సగం పేజీలో పీతల బొమ్మలు వేస్తుంది. ఇష్టమైన పనైతే మాత్రం పిలిచినా పలకదు. నేనేమో మా చర్చిలో సండే స్కూలు టీచర్ని. ఊళ్ళో ముప్ఫైరెండు మంది పిల్లలకి వాక్యాలు కంఠతా పెట్టించిన నోరు నాది. నా కూతురికి మాత్రం ఒక్క వాక్యం ఎక్కదు.

అక్టోబరులో వచ్చే తెల్లబట్టల ఆదివారం పిల్లల పండగ. ప్రతి పిల్లా తెల్లగౌను వేసుకుని చర్చి ముందు నిలబడి తన కీర్తన అప్పజెప్పాలి. ఆ రోజు పెద్దలు పిల్లలకి వడ్డించి, వాళ్ళు తిన్నాకే తింటారు. పోయినేడు నా మసీనా మూడు మాటలు చెప్పి, దూలం మీద బల్లి ఈగని పట్టడం చూస్తూ ఉండిపోయింది. చర్చి అంతా తలలెత్తి బల్లినే చూసింది. ఎవడో కిసుక్కుమన్నాడు, ఆ తర్వాత అందరూ నవ్వారు. పిల్ల మొహం పాలిపోయింది. నేను తల దించుకుని మా అమ్మ విసనకర్ర మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

ఈ ఏడు పాస్టరమ్మగారు ముందే పిలిచి మెత్తగా చెప్పింది. "వలాసీ, ఈసారి కూడా అలాగే అయితే వచ్చే ఏడు నుంచి మసీనాని మూడేళ్ళ పిల్లల వరసలో నిలబెడదామమ్మా. నలుగురిలో నవ్వులపాలు ఎందుకు?" ఆ మాట మసీనా కూడా విన్నది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

అదే నెలలో పట్నం నుంచి పిల్లల డాక్టరమ్మ బడికి వచ్చింది. మసీనాతో చాలాసేపు మాట్లాడి, టీచర్ని అడిగి, మమ్మల్ని పిలిచింది. "మీ పిల్లకి తెలివికేం లోటు లేదమ్మా. మొండీ కాదు, బద్ధకమూ కాదు. మనసుని ఒకచోట పట్టి ఉంచడం దానికి మనకన్నా బాగా కష్టం. నచ్చిన పనిలో మునిగిపోతుంది, మిగతా వాటిలో జారిపోతుంది. కావాలని చేసేది కాదు. నాలుగు పనులు ఒకేసారి చెప్పకండి, ఒక్కొక్కటే చెప్పండి. కొట్టకండి" అంది. తర్వాత అడిగింది, "ఇది ఒక్కోసారి వంశంలో వస్తుంటుంది. మీ ఇంట్లో ఇలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"ఎందుకు లేరు డాక్టరమ్మా! మా అక్క అచ్చం ఇంతే!" అని ఎసేకియా పళ్ళికిలించాడు, ఏదో బహుమతి వచ్చినట్టు.

నా ఒళ్ళు భగ్గుమంది. తొమ్మిది నెలలు మోసింది నేను, పోలిక ఆవిడదా? ఇంట్లో చాపలన్నీ ఆవిడవే, చివరికి నా పిల్ల కూడానా? ఆ మంటలో డాక్టరమ్మ చెప్పిన మంచి మాటలన్నీ కాలిపోయాయి.

సాయంత్రం శంఖం ఊదగానే ఊరంతా ఎక్కడివాళ్ళు అక్కడ ప్రార్థనకి కూర్చుంటారు. కాళ్ళు మడుచుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా కూర్చోవాలి. మా అమ్మ నాకు వాక్యాలు అలాగే నేర్పింది, వాళ్ళమ్మ ఆవిడకి అలాగే నేర్పింది. ఇంకో పద్ధతి ఉంటుందని ఎవరికైనా తోస్తుందా?

"కదలకు" అనేదాన్ని.

"కదల్లేదమ్మా."

"మోకాలు ఊగుతోంది. చేతులు ఒళ్ళో పెట్టు. ఊఁ, రెండో వచనం."

రెండో వచనం వచ్చేది కాదు. పిల్ల చెయ్యి మాత్రం మెల్లగా పాక్కుంటూ వచ్చి నా విసనకర్ర అంచు పీకేది. నాలుగేళ్ళప్పటి నుంచీ అదే అలవాటు. అంచంతా పోగులు లేచిపోయింది.

"అది మీ అమ్మమ్మదే! వదులు!" అని చేతి మీద ఒక్కటిచ్చేదాన్ని. మరీ ఒళ్ళు మండితే కొబ్బరీనెల చీపురు అందుకునేదాన్ని.

పండగ మూడు వారాలుందనగా మసీనా సాయంత్రాలు మాయం కావడం మొదలైంది. ఒకరోజు వెనకాలే వెళ్ళాను. ఆడవాళ్ళు చాపలల్లే పాకలో వదిన, నా కూతురు ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. మసీనా చేతిలో చారెడు అల్లిక. వేళ్ళు ఆడుతున్నాయి, నోట్లోంచి కీర్తన వస్తోంది. ఒకటో వచనం, రెండు, మూడు, నాలుగు. ఒక్క తప్పు లేదు. నేను స్తంభం చాటున నిలబడిపోయాను.

"పైది, కిందది, లాగు. ఆఁ, తర్వాత ముక్క?" అంటోంది వదిన.

"అత్తా, నిన్ను కూడా బళ్ళో కొట్టేవారా?"

"కొట్టడమా! ఆ బెత్తం అరిగి అరిగి నాకన్నా ముందు బడి మానేసింది."

పిల్ల పకపకా నవ్వింది. నా దగ్గర అలా నవ్వి ఎన్నాళ్ళైందో! ఆ నవ్వు విని ఉండబట్టలేకపోయాను.

"ఓహో! తల్లి చెబితే చెవికెక్కదు, అత్త చెబితే తేనె ఊరుతోందా?" అంటూ లోపలికి దూసుకెళ్ళాను.

వదిన తలెత్తింది. "కోపం తర్వాత పడుదువుగానీ, కూర్చో వలాసీ. దీనికి చేతులాడుతుంటేనే చెవులు పనిచేస్తాయి. నువ్వు కదలకుండా కూర్చోమంటావు. అలా కూర్చోడానికే దాని బుద్ధంతా ఖర్చయిపోతుంది. ఇంక వాక్యానికేం మిగులుద్ది చెప్పు? నాకు తెలుసే ఆ బాధ."

"నలుగురు పిల్లల్ని కని పెంచినట్టు భలే చెబుతున్నావే వదినా!"

అనేశాను. వదిన వేళ్ళు ఆగిపోయాయి. పన్నెండేళ్ళలో అల్లిక మధ్యలో ఆవిడ వేళ్ళు ఆగడం చూడటం అదే మొదలు. నేను పిల్లని రెక్క పట్టుకుని తీసుకొచ్చేశాను. ఆడపడుచు దగ్గరికి వెళ్ళొద్దని నోటితో చెప్పే హక్కు ఈ ఇంట్లో నాకు లేదు. అందుకని రోజూ ఆ వేళకే మసీనాకి ఏదో ఒక పని పురమాయించాను.

పండగ పొద్దున రాళ్ళ పొయ్యి రాజేసి, చేమాకు పొట్లాలు లోపల పెడుతుంటే మసీనా తెల్లగౌనులో వచ్చింది. గుప్పిట్లో ఏదో ఉంది. విప్పించి చూస్తే బొటనవేలంత మొగలాకు జడ.

"అత్త ఇచ్చింది. ఇది పట్టుకుని చెబితే మొత్తం వచ్చేస్తదమ్మా!"

అత్త, అత్త, అత్త! లాక్కుని పొయ్యిలో పడేశాను. "దేవుడి ముందు ఆటబొమ్మలా? చేతులు కట్టుకుని నిలబడు, నేను నేర్పినట్టు!"

పిల్ల ఏడవలేదు. ఆ పొగ వైపు చూసి చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

చర్చిలో మసీనా వంతు వచ్చింది. చేతులు కట్టుకుని నిలబడి మొదటి వచనం చెప్పింది. రెండోది మొదలుపెట్టి ఆగింది. ముందు బల్లల్లో ఒకడు అప్పుడే దూలం వైపు తలెత్తాడు, బల్లి కోసం. పాస్టరమ్మగారు కాగితం మీద కలం పెట్టి కూర్చుంది. మసీనా చేతులు విడివడి గౌను కుట్టుని తడుముతున్నాయి. వెనక వరసలో వదిన పెదవులు కదుపుతూ, ఒళ్ళో ఉత్తి వేళ్ళు ఆడిస్తోంది. పిల్ల కళ్ళు ఇప్పుడు అటే వెళ్తాయి, నాకు తెలుసు, అనుకున్నాను. అంత అవమానంలోనూ నాకు ముందు తోచింది అదే, సిగ్గు లేకుండా.

కళ్ళు అటు వెళ్ళలేదు. నా చేతి మీదికి వచ్చాయి. విసనకర్ర అంచు మీదికి.

అప్పుడు తెలిసింది నాకు. ఆ పోగులు దాని చేతివి. అత్త దగ్గరికి వెళ్ళకముందు ఈ పిల్ల నా దగ్గరికే వచ్చింది, అయిదేళ్ళుగా వస్తూనే ఉంది. కొట్టి పంపింది నేనే.

లేచాను. పెద్దల ముందు నుంచి నడుం వంచి, "క్షమించాలి, క్షమించాలి" అంటూ నడిచి వెళ్ళి విసనకర్ర దాని చేతిలో పెట్టాను.

"పీకు" అన్నాను చెవిలో.

"అమ్మమ్మది కదమ్మా!"

"పీకవే తల్లీ!"

పీకింది. ఒక్కో పోగూ లాగుతూ రెండో వచనం చెప్పింది, మూడోది చెప్పింది. మొగలాకు పేలికలు తెల్లగౌను మీద రాలుతున్నాయి. ఒక్కో పోగు తెగుతుంటే మా అమ్మ గుర్తొచ్చి ప్రాణం గిలగిల్లాడింది, ఒక్కో వచనం వస్తుంటే లేచొచ్చింది. ఆరో వచనం అయ్యేసరికి సగం విసనకర్ర నేల మీద ఉంది. ఎవరూ నవ్వలేదు. పాస్టరమ్మగారు కలం పక్కన పెట్టేసింది.

మధ్యాహ్నం పిల్లలకి వడ్డించి వచ్చి, వదిన పక్కన నిలబడ్డాను. "నువ్విచ్చిన జడ నేనే పొయ్యిలో పడేశాను వదినా. ఆ రోజు అన్న మాట కూడా..."

"తెలుసులేవే" అంది. "మొగలాకు కాలితే నాకు వాసన తెలీదా? సీమపనసైతేనే తెలీదు."

ఏడుస్తూ నవ్వాను. ఆవిడ మాత్రం నవ్వలేదు. "నాకూ ఎవరైనా ఓ విసనకర్ర ఇచ్చుంటే అయిదో తరగతికి వెళ్ళేదాన్నే" అని చెయ్యి కడుక్కోవడానికి లేచింది.

ఆ విసనకర్రని మసీనా మళ్ళీ అల్లింది, సగం మా అమ్మ ఆకు, సగం వదిన కొత్త ఆకు. వంకరటింకరగా వచ్చింది. ఊరంతా "మేనత్త పోలిక, మేనత్త చేతి పని" అంటోంది. వింటే ఇప్పటికీ మండుతుంది, మండదని అబద్ధం ఎందుకు చెప్పాలి? నిన్న సాయంత్రం శంఖం ఊదాక వదిన పక్కన బోలెడంత చోటున్నా మసీనా వచ్చి నాకు ఆనుకుని కూర్చుంది. విసనకర్ర అంచు పట్టుకుని పీకడం మొదలుపెట్టింది. నేను చెయ్యి తియ్యమనలేదు. ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచి, వదిన చూసిందా లేదా అని చూశాను.