మూడు మీటర్ల అలకి నేను పెట్టిన బేరం

తుఫాను వార్త చూపించి వ్యాను కిరాయి తగ్గించినవాణ్ణి విజయవాడ మొత్తం మీద నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఆరున్నర వేల వ్యానుని మూడున్నర వేలకి దించాను. అదీ కార్తీక మాసంలో, అదీ ఆదివారం, అదీ సముద్ర స్నానాలకి ఊరంతా బందరు దారి పట్టే రోజుల్లో. ఎలా దించానో మా వీధిలో చాలామందికి చెప్పుకున్నాను. ఎందుకు దించకూడదో చెప్పడం మాత్రం ఇదే మొదలు.

మాది వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల దుకాణం. నాన్న పోయాక అక్కా నేనూ కలిసి నడుపుతున్నాం. అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. గల్లా దగ్గర తను కూర్చుంటుంది, కొనుగోళ్ళకి నేను తిరుగుతాను. మా ఇంట్లో ఎవరు ఏ అంకె చెప్పినా నాలుగో వంతు కోసేసి వినడం అలవాటు. డాక్టరు నెల రోజులు విశ్రాంతి అంటే మాకు మూడు వారాలని వినపడుతుంది. రైలు గంట ఆలస్యమంటే ముప్పావుగంటకే స్టేషన్లో ఉంటాం. చెప్పినవాడు ఎంతో కొంత పెంచే చెబుతాడని మాకు పుట్టుకతో తెలుసు.

సముద్రం మాకు డెబ్బై కిలోమీటర్లు. అయినా యాభై ఎనిమిదేళ్ళ అక్క ఒక్కసారి కూడా కార్తీకంలో సముద్ర స్నానం చెయ్యలేదు. కార్తీకమంటే పెళ్ళిళ్ళు, పెళ్ళిళ్ళంటే సారె సామాను, సారె సామానంటే మేము దుకాణం ముయ్యని నెల. ఈ ఏడు అక్క కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయింది. మార్చాల్సిందేనని డాక్టరు తేల్చేసి, కార్తీకంలో ఆఖరి ఆదివారం వెళ్ళాక వచ్చే బుధవారం ఆపరేషన్ అన్నాడు. ఆ సాయంత్రం గల్లా మూస్తూ అక్క నాతో అంది:

"కొత్త మోకాలితో తరవాత ఎప్పుడైనా ఎళ్ళొచ్చురా. నాతో పుట్టిన కాళ్ళతో ఒక్కసారి సముద్రంలో నిలబడాలి."

నన్నెప్పుడూ ఏమీ అడగని మనిషి. అప్పటికి రెండు ఆదివారాలే మిగిలాయి.

బెంజ్ సర్కిల్ దగ్గర వ్యాన్లు అద్దెకిచ్చే ఒకాయన ఉన్నాడు, బండి తనే నడుపుకుంటాడు. మొదటి ఆదివారానికి ఆరున్నర వేలు చెప్పాడు. ఎంత లాగినా రూపాయి దిగలేదు. నేను కాకపోతే తన కోసం ఇంకో పదిమంది కాచుకుని ఉన్నారన్న సంగతి ఆయన మొహంలోనే ఉంది. అలాంటి మొహం చూస్తే నాకు వంట్లో తిక్క రేగుతుంది. అక్కడే నిలబడి ఫోన్లో వాతావరణం చూశాను. మొదటి ఆదివారం గాలి తక్కువ, అల అర మీటరు, ఎండ. రెండో ఆదివారం నాటికి బంగాళాఖాతంలో అల్పపీడనం రావచ్చని ఉంది. ఆ రెండో దాన్ని ఆయన కళ్ళ ముందు పెట్టాను. ఈ వార్త చూసినవాడెవడూ ఆ రోజు మీ బండి ఎక్కడు, ఖాళీగా నిలబడే బండికి నేను డబ్బులిస్తానంటున్నాను అని మొదలుపెట్టి, పావుగంటలో మూడున్నర వేలకి తీసుకొచ్చాను.

ఆయన ఒప్పుకుని, డబ్బు మొత్తం ముందే తీసుకుని, ఒక్క మాటన్నాడు. "వానొచ్చినా వరదొచ్చినా ఎనక్కి ఇవ్వనండి. వార్త చూపించింది మీరే గదా."

నిజమే. వార్తని నేనే అమ్మి, నేనే కొనుక్కున్నాను.

అక్కకి మాత్రం మొదటి ఆదివారం బండి దొరకలేదని చెప్పాను. మూడు వేలు మిగిల్చానని చెబితే సంతోషించేదో, చెప్పకపోతే మేలో తేల్చుకోలేక, రెండిటిలో సులువైనది ఎంచుకున్నాను. నలభై ఏళ్ళుగా కొనేవాళ్ళ అబద్ధాలు పట్టుకునే అక్క నా మాట దగ్గర ఏమీ పట్టుకోలేదు. సరేలే, ఆఖరి వారమైతే జనం తక్కువుంటారు అంది.

ఆ మొదటి ఆదివారం నేను దుకాణంలో గిన్నెలు తూస్తుంటే ఫోను మోగింది. సముద్రం పక్క పల్లెలో చేపలమ్మే ఒకావిడ మా దగ్గర అల్యూమినియం బేసిన్లు కొంటూ ఉంటుంది. పెద్ద సైజువి నాలుగు పక్కన పెట్టమని చెప్పడానికి చేసింది. మాటల్లో మాటగా సముద్రం ఎలా ఉందని అడిగాను. చెరువులా ఉందనీ, చిన్నపిల్లలు కూడా నడుంలోతు దాకా ఎళ్ళి ఆడుకుంటున్నారనీ చెప్పింది. ఆ ఫోను పెట్టేశాక నేను తూసిన బిందె ఒకటి తూకం తప్పిందని అక్క అరిచింది.

అక్కడి నుంచి ఆ వారమంతా నాకు కూర్చోవడం చేతకాలేదు. సోమవారం అల్పపీడనం అన్నారు. మంగళవారం తీవ్ర అల్పపీడనం అన్నారు. గురువారానికి అది వాయుగుండమైంది. అల లెక్క కూడా రోజూ పెరిగింది, ఒకటిన్నర మీటరు, రెండు, రెండున్నర. ఫోన్లో వాతావరణం చెప్పే యాప్‌లు రెండు పెట్టుకున్నాను. ఒకటి మూడు మీటర్లంటే రెండోది రెండే అంటుంది. రెండు దుకాణాలు తిరిగి తక్కువ చెప్పినచోట కొన్నట్టు నేను రెండోదాన్నే చూడటం మొదలుపెట్టాను. అందులోనూ నాలుగో వంతు కోశాను. రెండు మీటర్లంటే ఒకటిన్నర, అదీ లోపలెక్కడో, ఒడ్డుకొచ్చేసరికి అందులో మూడో వంతు. ఆ లెక్కన ఆదివారం నాటి అల అక్క మోకాలి దాకా రావాలి. సరిగ్గా మాకు కావలసినంత.

మధ్య మధ్య వాయుగుండం ఒడిశా వైపు తిరగొచ్చని ఎవరో అన్నారు. చెన్నై వైపు అని ఇంకెవరో అన్నారు. ఎవరు తీసుకుంటే వాళ్ళకి సంతోషంగా ఇచ్చేద్దామనుకున్నాను. కొనడానికొచ్చినవాళ్ళు మాట్లాడుతుంటే నా బొటనవేలు బల్ల కింద ఫోను మీదే తిరుగుతూ ఉండేది. అన్నం తింటూ లేచి వెళ్ళి ఆకాశం చూసేవాణ్ణి. ఆకాశం నిర్మలంగా ఉండేది. అదే నన్ను ఇంకా పాడుచేసింది.

శనివారం బందరు రేవులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేశారని టీవీలో చెప్పారు. బేసిన్ల ఆవిడకి నేనే ఫోను చేశాను. వాళ్ళ పల్లెలో పడవలన్నీ ఒడ్డెక్కించేశారట, వేటకి ఎవరూ వెళ్ళలేదట. అక్క సంగతి చెప్పాను. ఎండ ఎలా ఉందని కూడా అడిగాను.

"ఎండ కాస్తానే ఉంది షావుకారూ. గాలి కూడా లేదు. కానీ నీళ్ళు కిందనించి లాగేత్తన్నయ్యి. అమాస పోటు కూడాను. అక్కగారిని తీసుకురామాకండి."

వెళ్ళి అక్కకి చెప్పాను, అక్కడ ఎండ కాస్తోందట, గాలి కూడా లేదట అని. సామాను అమ్మేటప్పుడు సొట్ట ఉన్న వైపు గోడకి తిప్పి పెడతాం చూడండి, అలా చెప్పాను. మాట ఒక్కటి కూడా అబద్ధం కాదు.

ఆదివారం తెల్లారి బయలుదేరాం. బండిలో అక్కా నేనూ, ముందు ఆ వ్యాను ఆయన. అక్క కొత్త నేత చీర కట్టుకుంది, తడిస్తే మార్చుకోవడానికి ఇంకోటి సంచిలో పెట్టుకుంది. కంకిపాడు దాటేదాకా బాగానే ఉంది. ఉయ్యూరు దాటాక పొలాల్లో మనుషులు కనపడటం మొదలైంది. కోసిన వరి పనలని పరుగుల మీద మోసుకొచ్చి కుప్పలు వేస్తున్నారు. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యాన్ని ఆడవాళ్ళు పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చినట్టు ఎలా ఉన్నవాళ్ళు అలాగే వచ్చి, రాశులుగా లాగి, పైన బరకాలు కప్పి రాళ్ళు పెడుతున్నారు. పామర్రు దాకా అదే. నెత్తిన చురుక్కుమనే ఎండ, కింద ఎవరి కాళ్ళూ నేల మీద నిలవడం లేదు.

వాళ్ళంతా ఏం విని ఇంత కంగారు పడుతున్నార్రా అని అక్క అడిగింది. కోతల్లో ఎప్పుడూ ఇంతేనన్నాను. వ్యాను ఆయన అద్దంలో నా వంక ఒకసారి చూసి మళ్ళీ రోడ్డు చూసుకున్నాడు. డెల్టాలో ఉన్న ప్రతి రైతూ ఆ వార్తని చెప్పిన ధరకి కొన్నాడు. తగ్గించి కొన్నది నేనొక్కణ్ణే.

మంగినపూడి బీచి దగ్గర బండ్లు పట్టుమని పది లేవు. తాడు కట్టి ఉంది. మైకులో ఎవరూ నీళ్ళలోకి దిగొద్దని చెబుతున్నారు. అక్క బండి దిగి, నా భుజం పట్టుకుని ఇసకలో నడిచి, తాడు దగ్గర ఆగి చూసింది. నీళ్ళు బురద రంగులో ఉన్నాయి. అల ఒడ్డు దగ్గర కాదు, చాలా లోపలే విరుగుతోంది. విరిగిన నీళ్ళు మళ్ళీ లేచి ఇంకోసారి విరుగుతున్నాయి. ఆ చప్పుడుకి పక్కన మనిషి మాట వినపడటం లేదు.

అక్క తాడు పట్టుకుని నిలబడింది. చీర చెంగు దోపుకుని ఉంది, దిగడానికి సిద్ధంగా. అక్కడే ఆగి, చూసింది చాలు పద అని నేనంటే ఈ కథ ఇంతదాకా వచ్చేది కాదు. కానీ కట్టిన డబ్బుకి సరుకు తీసుకోకుండా వెనక్కి రావడం నాకు తెలియదు.

తాడు దగ్గర హోంగార్డు ఒకాయన ఉన్నాడు. ఆయనతో మొదలుపెట్టాను. నడుంలోతు అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. మోకాలిలోతు అన్నాను. ఆపరేషన్ సంగతి చెప్పాను, బుధవారం సంగతి చెప్పాను, యాభై ఎనిమిదేళ్ళ సంగతి చెప్పాను. అక్క మోకాలు చూపించాను. ఆయన అక్క మొహం చూశాడు. కుదరదండీ అన్నాడు గానీ, ఈసారి మెల్లగా అన్నాడు. మెత్తబడ్డవాణ్ణి నేను వదలను. పాదాలు చాలు, ఒక్క నిమిషం చాలు అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి తాడు ఎత్తాడు.

"పాదాలు తడుపుకుని వచ్చెయ్యండి. చెయ్యి మాత్రం వదలమాకండి."

నడుం నుంచి పాదాల దాకా దిగినా, వట్టి చేతులతో వెనక్కి రాలేదని లోపల్లోపల సంబరపడ్డాను కూడా. అంతకంటే సిగ్గుపడవలసింది ఇందులో ఇంకేమీ లేదు.

అక్క చెప్పులు విడిచింది. తడి ఇసకలో నాలుగడుగులు వేసింది. అరిగిపోయిన అల ఒకటి నురగగా వచ్చి మా పాదాలు తడిపి వెళ్ళింది. అక్క వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుని నెత్తిన చల్లుకుంది. ఆ వంగడానికి నా చెయ్యి వదిలింది. నేను పట్టుకోలేదు. ఇంకొక్క అల, అంది. నేను సరేనన్నాను.

రెండో అల పాదాల దగ్గర ఆగలేదు. మోకాళ్ళు దాటి వచ్చింది. వచ్చినప్పుడు అక్క పడలేదు, అల తిరిగి వెళ్ళేటప్పుడు కాళ్ళ కింద ఇసక మొత్తాన్ని లాక్కుపోయింది. అక్క కుడి మోకాలు మడతపడి, పక్కకి ఒరిగి, నీళ్ళతో పాటు జారింది. నేను చీర పట్టుకున్నాను, హోంగార్డు జబ్బ పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి లాక్కొచ్చి పొడి ఇసకలో కూర్చోబెట్టాం. ముక్కులోకి ఉప్పునీళ్ళు వెళ్ళి దగ్గుతోంది. కుడికాలి పిక్క మీద గవ్వలు గీరుకుపోయి జానెడు పొడుగున తోలు లేచిపోయింది. ఆ హోంగార్డు తాడు దగ్గరికి తిరిగి వెళ్ళి, ఇంకెవరినీ రానివ్వకుండా, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

బందరులో ఒక ఆసుపత్రిలో గాయం కడిగి, కట్టు కట్టి, మోకాలికి ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు, బాగా వాచింది. అక్కడి నుంచే మా డాక్టరుకి ఫోను చేశాను. కాలి మీద పచ్చిపుండు ఉండగా కత్తి పెట్టనన్నాడు. పుండు మానాలి, వాపు దిగాలి, తరవాత తేదీ చూద్దామన్నాడు. బుధవారం పోయింది.

తిరుగు ప్రయాణంలో అక్క కాలు చాపుకుని వెనక సీట్లో కూర్చుంది. ఉయ్యూరు దగ్గర వాన మొదలైంది. అద్దం మీద నీళ్ళు చూస్తూ అడిగింది, పోయిన ఆదివారం బండి నిజంగానే దొరకలేదా అని. ముందు సీట్లో వ్యాను ఆయన ఉన్నాడు. ఆయన ఉన్నా లేకపోయినా ఇక చెప్పకుండా ఉండలేననిపించింది. దొరికింది, ఆరున్నర వేలు చెప్పాడు, ఈ వారానికి మూడున్నరకి దించాను అన్నాను. బేసిన్ల ఆవిడ రావద్దందని కూడా చెప్పాను.

"మూడు వేలా," అంది. కోపంగా అనలేదు. కొనేవాళ్ళు వస్తువుని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయేటప్పుడు అన్నట్టు అంది. కాసేపటికి, "నన్నడిగితే నేనిచ్చేదాన్ని గదరా," అంది.



ఇక లెక్క. వ్యాను మీద మిగిలింది మూడు వేలు. బందరులో ఎక్స్‌రేకి, కట్టుకి, మందులకి అయింది రెండు వేల నాలుగు వందలు. రూపాయల్లో చూస్తే నాకు ఇంకా ఆరు వందలు లాభమే. ఆపరేషన్ నలభై మూడు రోజులు వెనక్కి జరిగింది. ఆ నలభై మూడు రోజులూ అక్క మంచం దిగడానికి రెండు చేతులా గోడ పట్టుకుంది, రాత్రిళ్ళు కాలి కింద దిండు పెట్టుకుని పక్క తిరగకుండా పడుకుంది. సముద్రం అక్కకి దక్కింది రెండు అలలు, ఒకటి పాదాల దాకా, ఒకటి మీదికి. ఇందులో ఆరు వందలు నావి. మిగతాదంతా కట్టింది అక్క.